సీతారత్నం తాగని నీళ్లు

1858 జూన్ 11
నా భార్య సీతారత్నం ఇంకా పుట్టింటి పెరట్లో, కొబ్బరి డొక్కలు దాచే పాకలోనే ఉంది. మూడు రోజుల కాన్పు, చచ్చిపుట్టిన బిడ్డ. తొమ్మిది నెలలైంది. అప్పటినుంచి మూత్రం ఆగదు. కూర్చున్నా పడుకున్నా కారుతూనే ఉంటుంది. నేను వెళితే గాలి వచ్చే వైపు నన్ను కూర్చోబెట్టి, తను దూరంగా కూర్చుంటుంది. గాలి మారితే లేచి చోటు మారుతుంది. నాకు ఏ వాసనా రాదన్నాను. అబద్ధమాడితే మీ చెవులు ఎర్రబడతాయండీ అంది.

జూన్ 14
మనోబలం మీద పాంప్లెట్టు ఒకటి చదివి వినిపించాను. మనసు గట్టిగా పెడితే ఒళ్లు మాట వింటుందని చెప్పాను. ఆయ్, అంది.

జూన్ 20
ఆమె పెదవులు పగిలిపోయాయి. నీళ్లు మానేసిందట. రోజంతా రెండు గుక్కలే. నేను చెప్పిన మనోబలమట. తాగకపోతే కారదు కదా బాబూ అని అత్తగారు మంగాయమ్మగారు కూతుర్ని మెచ్చుకున్నారు. మీరు ఇంకో పిల్లను చేసుకోండి, మేమేమీ అనుకోం అని కూడా అన్నారు. నీళ్ల కుండ ఎత్తి నేలకేసి కొట్టాను. తరవాత పెంకులు నేనే ఏరాను.

జూన్ 21
ఆమె చేతి పసుపు వాసన మరిచిపోతున్నాను.

జూలై 2
నరసాపురంలో దొర డాక్టరును కలిశాను. పలక మీద గీసి చూపించాడు. బిడ్డ తల తల్లి ఎముకకు ఆనుకుని రోజుల తరబడి ఆగిపోతే, మధ్యన నలిగిన మూత్రాశయం గోడ చచ్చి చిల్లు పడుతుందట. చిల్లుకు మనోబలం ఏం చేస్తుంది? నేను ఏటిగట్టు పనివాణ్ణి. గండికి మేం నీతులు చెప్పం. ముందు పక్కన బోది తవ్వి నీటికి దారిస్తాం, ఆపైన గండి పూడుస్తాం. దొర చేసేదీ అదే. చిల్లు వెండి తీగతో కుట్టి, అది మానేదాకా చిన్న గొట్టంలోంచి మూత్రం పోనిస్తాడు. మానుతుందని మాట ఇవ్వనన్నాడు. నీళ్లు మాత్రం బాగా తాగించమన్నాడు.

జూలై 5
పాంప్లెట్టు చింపేశానని, తప్పు నాదని, నరసాపురం దొర దగ్గరకు వెళదామని సీతారత్నంతో చెప్పాను. గండి పడితే మీరు గట్టును తిడతారా అని అడిగింది. తిట్టం అన్నాను. అయితే వస్తానండీ అంది.

జూలై 7
పడవలో ఆ చివరన కూర్చుంది. ఏటి మధ్యలో గాలి తిరిగింది. ఆమె లేవబోతే, కదలకమ్మా, పడవ ఒరుగుద్ది అని సరంగు గదిమాడు. పది నెలల తరవాత ఆమెను తాకిన గాలి నన్ను తాకింది.

జూలై 9
కుట్టారు. మగవాళ్లను లోపలికి రానివ్వరు.

జూలై 23
గొట్టం తీశారు. చాప తడిసిందా అని ఆయా దీనమ్మను అడిగాను. తెల్లారేదాకా ఏమీ అడగొద్దంది.

జూలై 24
దీనమ్మ వచ్చి ఖాళీ చెంబు చేతిలో పెట్టింది. సీతారత్నం మంచినీళ్లు అడుగుతోందట. తెల్లారినప్పటినుంచి ఇది మూడోసారి.