తోకకు పూసిన నలుపు

మన అమ్మాయి నజ్వా బొమ్మలు గోడెక్కాయి, ఉమ్మ్ ఇహాబ్! ల్వీబ్దే కొండ మీది బొమ్మల శాలలో జనం తోసుకుంటూ చూశారు!

నీకూ, పెద్దమ్మాయి సుహైలాకూ, దానికి పుట్టిన బుజ్జిగాడికీ సలాములు. దేవుడి దయవల్ల మేమంతా కులాసా. పుదీనాకు నీళ్లు పోస్తున్నావా అని అడిగావు. పోస్తున్నాను. మోకాళ్లకు నూనె రాస్తున్నావా అన్నావు. రాయడం లేదు, నొప్పే తెలియడం లేదు!

బొమ్మలన్నీ మన జోఫే పేట మేడలే. పైన ఇంతింత ఆకాశం, అందులో పావురాలు, కింద డాబాల మీద చిన్న చిన్న మనుషులు. అన్నింటికన్నా పెద్ద బొమ్మలో ఒకడు మనకు వీపు పెట్టి, తెల్ల పావురాన్ని చేతి మీద నిలబెట్టుకున్నాడు. ఎవరో నీకు తెలుసు.

మీ తమ్ముడు నాయెఫ్ పెద్దకూతురి నిఖా నాడు హాజీ అబూ ముత్లక్ లేచి, "పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం చెల్లదు, వేరేవాణ్ణి చూడండి" అన్నాడా? నాయెఫ్ వెంటనే నన్ను సాక్షి కుర్చీలోంచి లేపాడా? ఆ హాజీయే డాబా చుట్టూ దుప్పట్లు కట్టుకుని చాటుగా పావురాలు పెంచుతున్నాడు. మన డాబా ఎత్తు, నాకూ నజ్వాకూ కనిపించేది. చెబితే ఎవరు నమ్ముతారు? నా మాటే చెల్లదాయె!

ఊరి పెద్దననిపించుకోవడానికి హాజీ అందరికన్నా ముందే వచ్చాడు. జనం చేరాక ఆ పెద్ద బొమ్మ దగ్గరకు తీసుకెళ్లాను.

"ఈయనెవరు హాజీ?"

"నాకేం తెలుసు? నీలాంటి పనిలేనోడెవడో" అన్నాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. మొహం ఎర్రబడింది. "ఏవమ్మా నజ్వా, దీని తోక నలుపేంటి? ఒళ్లంతా వెతికినా నల్ల ఈక ఒక్కటి దొరకదే! గుడ్డులోంచి వచ్చింది మొదలు నా చేతుల్లో పెరిగిన పిట్ట!"

మంగలి ఫఖ్రీ గొంతు సవరించుకుని, "అయితే హాజీగారూ, ఇకమీదట తమరి సాక్ష్యం కూడా చెల్లదన్నమాట!" అన్నాడు. చూడాలి ఆ నవ్వులు! హాజీ చెప్పులు తడబడుతూ మెట్లు దిగుతుంటే నా కడుపు నిండిపోయింది.

ఇప్పటిదాకా దాచిన మాట. నజ్వా ఆ తోక తెల్లగానే వేసింది. అది టీ పెట్టడానికి వెళ్లినప్పుడు నేనే నలుపు పూశాను. ఏమన్నా పడతాడు గానీ, తన పిట్ట మీద మచ్చ వేస్తే పావురాలవాడు ఊరుకోలేడు. జనం వెళ్లాక అది నా గోళ్లలో నలుపు చూసి, "నా ఆకాశంలో నీ పగేంటి బాబా?" అంది. కళ్లలో నీళ్లు. బొమ్మ దానిది, తప్పు నాదే. రేపు మళ్లీ తెల్లరంగు వేసుకుంటుంది, వేసుకోనీ. చూడాల్సినవాళ్లు చూశారు.

నాయెఫ్ పొద్దున్నే వచ్చి, "బావా, చిన్నదాని నిఖాకు సాక్షిగా నువ్వే కూర్చోవాలి" అన్నాడు. కూర్చుంటాను, హాజీని నా ఎదురుగా కూర్చోబెడితేనే అన్నాను.

ఇట్లు,
సంతోషం పట్టలేని నీ ఇంటాయన,
అబూ ఇహాబ్

నువ్వు చెప్పవలసినవాళ్లు: మీ అక్క ఫౌజియా, ఆడపిల్లకు బొమ్మలేమిటన్నది కదా. ఇహాబ్ మామగారు, ఆ రోజు హాజీ మాటకు తల ఊపాడు. మీ పినతండ్రి కొడుకులందరూ. ఇక సుహైలా అత్తగారు. హాజీకి పినతల్లి కూతురు కాబట్టి ఆవిడకు ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పు. మొహం ఎలా పెట్టిందో నాకు రాయి.