చేపలు ఎండే జాగ

కామాటిపుర, బొంబాయి
ఆదివారం

యాదమ్మ అక్కకు తమ్ముడు నర్సింహులు దండం పెట్టి రాస్తున్న సంగతులు.

నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు, మీ అత్తమ్మ బాగున్నారని తలుస్తాను. బావ దగ్గు తగ్గిందో లేదో నీ ఉత్తరంలో లేదు. తప్పకుండా రాయి. నా గురించి దిగులు పడకు. రెండు పూటలా తింటున్నాను. జ్వరం రాలేదు.

బావకు ఇక్కడ పని దొరుకుతుందా అని అడిగావు. దొరుకుతుంది. అది ఎలాంటి పనో రాస్తాను. చదివాక మీరిద్దరూ ఆలోచించుకోండి.

వానలు మొదలైనప్పటి నుంచి నేను ఈ అద్దె గదుల చాల్‌లో ఆదివారం ఒక్కరోజే ఉంటున్నాను. సోమవారం పొద్దున్నే గ్రాంట్ రోడ్‌లో లోకల్ రైలు ఎక్కి, దిగిన తర్వాత పడవ ఎక్కి ఒక చిన్న దీవికి పోతాను. శనివారం సాయంత్రం తిరిగి వస్తాను. అక్కడ ఉన్నవాళ్ళంతా చేపలు పట్టే కోలీలు. ఊరు చుట్టి రావడానికి అరగంట చాలు. మంచినీళ్ళ బావి ఒక్కటే ఉంది. షికారుకు వచ్చేవాళ్ళ కోసం అక్కడ గదులు కడుతున్నారు. మన జిల్లావాళ్ళం పన్నెండు మందిమి ఉన్నాం. కొలతలు పట్టి ముగ్గు పోసేది, హాజరు రాసేది నేను.

మాకు వండిపెట్టేది ఒక ముసలి కోలీ ఆమె. అందరూ మావశి అంటారు, అంటే పిన్ని. మా సాయన్న తను పనిచేసే బట్టల మిల్లు మూతబడ్డాక ఈ పనిలోకి వచ్చినవాడు. ఆయనకూ ఆమెకూ రోజూ మాటల పోటీయే.

"మావశీ, నీ చేపల వాసనకు నా ముక్కు పోయింది" అంటాడు.

"నిన్న పులుసు మూడుసార్లు పోయించుకున్నప్పుడు ఆ ముక్కు ఎక్కడ పెట్టావు?" అని ఆమె మరాఠీలో అంటుంది. సాయన్న మళ్ళీ గిన్నె చాపుతాడు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు రాస్తాను. మేము పోయినప్పుడు ఒడ్డు పక్కన చదునైన నేల ఒకటి ఖాళీగా ఉంది. గడ్డి మొలిచి ఉంది. ఒక్క కర్ర లేదు, ఒక్క మనిషి లేడు. ఊరివాళ్ళు ఒప్పుకున్నది దీవిలోని కొండ వెనక కట్టడానికి. అక్కడంతా రాయి, ఈ చదును మీదే కట్టమని ఇంజనీరు చెప్పాడు. నేను చూసి బీడు అనుకున్నాను. మన వైపు వానల్లో దున్నని నేల బీడే కదా. ముగ్గు పోశాను. మావశి గడపలో నిలబడి చూసింది. సామాను దించడానికి గీతలు గీస్తున్నామని ఆమె అనుకుందట. ఆమె నన్ను అడగలేదు. నేనూ ఆమెను అడగలేదు.

వానాకాలంలో కోలీలు వేటకు పోరు. రాఖీ పున్నమ నాడు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చాకే పడవలు దించుతారు. అంతవరకు చేపలు ఎండబెట్టే కర్రలన్నీ పీకి ఇంట్లో దాచుకుంటారు. మనకు పంట ఉండే కాలంలో వాళ్ళ నేల ఖాళీగా ఉంటుంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి పునాదులు అయిపోయి స్తంభాలు లేచాయి. ఊరు మొత్తానికి చేపలు ఎండే జాగ అదొక్కటే.

దసరా అయ్యి, వానలు పూర్తిగా ఆగి ఎండలు కాశాక ఆడవాళ్ళు కర్రలు మోసుకొచ్చారు. ఇంజనీరు అడ్డంపడ్డాడు. మావశి అరవలేదు.

"కొండ వెనక పది గదులు కట్టండి. పది గదులకైతే మా బావి నీళ్ళు చాలుతాయి. వచ్చినవాళ్ళకు మా ఇళ్ళలో అన్నం పెడతాం, మా పడవల్లో తిప్పుతాం. ఈ నేల వదిలేయండి" అంది.

"నలభై గదులు కట్టాలి. ఈ వాసన ఉంటే ఎవరొస్తారు?" అన్నాడు ఇంజనీరు.

"ఈ వాసన పోతే మేము ఎక్కడికి పోవాలి?" అంది మావశి.

పైవాళ్ళను అడిగి చెప్తానని ఆయన పడవ ఎక్కాడు. మర్నాడు పొద్దున మేము లేచేసరికి స్తంభాల పైన నిలబడిన ఇనుప చువ్వలకు, ఒకదాని నుంచి ఇంకొకదానికి తాళ్ళు కట్టి ఉన్నాయి. వాటి నిండా బొంబిల్ చేపలు వేలాడుతున్నాయి. ఆడవాళ్ళు మా నిచ్చెనలే వాడుకున్నారు.

సాయన్న నడుం మీద చేతులు పెట్టుకొని చూశాడు. "ఏం నర్సిములూ, హోటల్ గడుతున్నమనుకుంటిమి. చేపలకు దండెం గట్టినమా? గింత పక్కా దండెం ఎవలకన్నా ఉన్నదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంజనీరు వచ్చి చూసి, స్లాబ్ ఎప్పుడు వేస్తావని నన్ను అడిగాడు. స్తంభాల కాంక్రీటు ఇంకా గట్టిపడలేదు సాబ్, మూడు వారాలు ముట్టుకోవద్దు అని చెప్పాను. వారం చాలు. అది నాకు తెలుసు, సాయన్నకు తెలుసు. ఇంజనీరుకూ తెలిసే ఉంటుంది. మూడు వారాలని కాగితం మీద రాసుకున్నాడు. ఆ మూడు వారాలు రోజూ స్తంభాలకు నీళ్ళు కొట్టాం. పైన చేపలు ఎండాయి.

మొన్న శుక్రవారం పైనుంచి జవాబు వచ్చింది. గదులు అక్కడే, నలభై. రేపు స్లాబ్ కింద పెట్టే రేకులు, కర్రలు పడవలో దిగుతాయి. నేను నిన్న వచ్చేముందు మావశికి చెప్పాను. ఆమె నిచ్చెన అడిగింది. నేను పట్టుకున్నాను. ఆమె ఒక్కొక్క ముడీ విప్పి తాళ్ళు చుట్టుకుంది.

"మావశీ, ఆ రోజు నేను అడగాల్సింది" అన్నాను.

"నేను చెప్పాల్సింది" అంది. తాళ్ళు భుజాన వేసుకొని పోయింది.

బాధగా ఉందని రాస్తే అబద్ధం అవుతుంది అక్కా. ఏమీ అనిపించడం లేదు. తింటున్నాను, నిద్ర పడుతోంది. రేపు ఏడింటికి హాజరు రాయాలి.

బావ సంగతి. స్లాబ్ వేసే రోజులకు ఇంకా పదిమంది కావాలని చెప్పారు. వస్తే బావ పేరు రాస్తాను. రమ్మని మాత్రం నా చేత్తో రాయలేను. వద్దని కూడా రాయలేను. పని అయితే ఉంది.

మీ అత్తమ్మకు, ఊళ్ళో పెద్దలకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నువ్వు చల్లగా ఉండమని అంటే నాకు అదే చాలు.

నీ తమ్ముడు
నర్సింహులు

మరచిపోయాను. బాలయ్య ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఒక మూట ఇచ్చాను. ఎండు బొంబిల్. నిచ్చెన దిగాక మావశి ఇచ్చింది, మీ అక్కకు పంపు అని. నేల మీద ఎండబెట్టినవి కావు కాబట్టి ఇసుక ఉండదు, ఎక్కువ కడగకు. మన చింతపులుసులో బాగుంటాయి. కొన్ని దాచి ఉంచు. నేను వచ్చినప్పుడు తింటాను. ఆ దీవిలో మళ్ళీ ఎండుతాయో లేదో తెలియదు.