ఎవరు రాసింది వాళ్ళే తుడవాలి

విద్యా శాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడవ తరగతి ఉపాధ్యాయినిపై నేను పంపిన పరిశీలనా నివేదికను నా కోరిక మీదనే రద్దు చేయుట గురించి.

తమ శాఖలో నూతన విద్యా ప్రమాణాల అమలు సహాయకురాలిగా ఏడు నెలలుగా పనిచేయుచున్న నేను విన్నవించుకొనునది ఏమనగా, కొత్త ప్రమాణాలను తరగతి గదిలో ఎట్లా ఆచరణలో పెట్టాలో ఉపాధ్యాయులకు దగ్గరుండి చూపించడం నా విధి అని నియామక పత్రంలో ఉన్నది. రోజుకు మూడు బడులు తిరిగి, తరగతికి ఇరవై నిమిషాలు కూర్చుని, ఇరవై నాలుగు గడులలో టిక్కులు పెట్టి ఫోనులో పంపడమే నా విధి అని చేరిన తరువాత తెలిసినది. పిల్లలు నన్ను టిక్కులక్క అంటారు. ఆ విషయమై నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు నా మీదనే ఉన్నది.

1. గత మంగళవారం ఉదయం సదరు ఉపాధ్యాయిని తరగతికి వెళ్ళితిని. ఆవిడకు ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు, పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళు. ఫారంలో మొదటి గడి: 'నేటి ప్రమాణం బోర్డు పైభాగాన రాయబడినదా?' రాయబడలేదు. బోర్డు నిండా పిల్లల రాతలే. ఎవరి చెయ్యి ఎంత ఎత్తుకు అందితే అక్కడ రాసుకున్నారు.

"ప్రమాణం ఎక్కడ రాశారు మేడమ్?" అని అడిగాను.

"చోటెక్కడుందమ్మా, నువ్వే చూడు."

"కొంచెం తుడవొచ్చు కదా?"

"నేను తుడవకూడదు. మా క్లాసులో ఎవరు రాసింది వాళ్ళే తుడవాలి."

దానిని నేను మొండితనముగా భావించి 'లేదు' అని టిక్కు పెట్టితిని.

2. అంతలో ఒక పిల్ల లేచింది. ఎప్పుడూ గొంతు పెగలదు గనుక తరగతిలో అందరూ దాన్ని గుసగుస అని పిలుస్తారట. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసి బోర్డు మీద ముప్పై అయిదు అని రాసింది. టీచరమ్మ తప్పు అనలేదు. "ఎట్లా వచ్చిందే?" అన్నారు. "రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకని ఏడులోంచి రెండు తీసేశా" అంది గుసగుస. "ఊఁ, ఎవరైనా ఒప్పుకోనివాళ్ళున్నారా?" అన్నారావిడ. ఆరు చేతులు లేచాయి. నా ఇరవై నిమిషాలు అయిపోయాయి. 'తప్పు సమాధానం సరిదిద్దబడినదా?' లేదు. గేటు దగ్గరే నిలబడి నివేదిక పంపేశాను. ఇరవై నాలుగింటికి పంతొమ్మిది 'లేదు'లు.

3. పంపినాక చూసుకుంటే చేతిలో గొడుగు లేదు. వెనక్కి వెళ్ళి, పాఠం మధ్యలో లోపలికి పోవడమెందుకని కిటికీ దగ్గర నిలబడ్డాను. బల్ల మీద పెన్సిళ్ళు, పదేసి చొప్పున అయిదు కట్టలు, విడిగా రెండు.

"ఇరవై ఏడు నాకిచ్చెయ్. నీ దగ్గర ముప్పై అయిదు మిగుల్తాయేమో చూద్దాం" అన్నారు టీచరమ్మ. గుసగుస రెండు కట్టలు ఇచ్చింది. ఇంకా ఏడు కావాలి. తన దగ్గర విడిగా ఉన్నవి రెండే. చాలాసేపు ఆలోచించింది. పక్క పిల్ల చెప్పబోతే టీచరమ్మ వేలు చూపించి ఆపారు. అప్పుడా పిల్ల ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి, ఏదో గొణిగింది.

"నాకు వినపళ్ళా. కిటికీ దగ్గర నించున్న అక్కక్కూడా వినపడాలి."

"కట్ట విప్పాలీ!" అని అరిచింది గుసగుస. ఏడూ లెక్కపెట్టి ఇచ్చి, మిగిలినవి రెండుసార్లు లెక్కపెట్టుకుని, డస్టరు తీసుకుని, మునివేళ్ళ మీద నిలబడి తన ముప్పై అయిదు తానే తుడిచేసింది. ఒక్కరూ నవ్వలేదు.

అయ్యా, మన పుస్తకంలో నాలుగవ ప్రమాణం ఇట్లా ఉన్నది: 'విద్యార్థి తన సమాధానమునకు కారణము చెప్పగలగాలి, ఇతరుల వాదనను ప్రశ్నించగలగాలి.' ఏడు నెలలలో ఆ వాక్యం ప్రాణంతో కదలడం నేను చూసింది ఆ ఒక్క గదిలోనే. చూసింది ముప్పై నాలుగవ నిమిషంలో. ఫారం ఇరవైతో ముగియును.

4. అదే వారం మరొక బడికి ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు ఇచ్చితిని. అక్కడ ప్రమాణాల చార్టులు గోడల మీద పట్టక కిటికీలకు అంటించారు. పట్టపగలు లైట్లు వేసుకుని చదువుతున్నారు. పిల్లలంతా లేచి "మేము కారణము చెప్పగలము!" అని ఒక్క గొంతుతో చెప్పారు. "ఏదీ, చెప్పండి" అంటే తమ టీచరు వైపు చూడాలా వద్దా అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అయినా టిక్కు పెట్టాను. అదీ నా చేతి రాతే.

5. నివేదిక సరిదిద్దుటకై తమ కార్యాలయమునకు వెళ్ళగా గుమాస్తా గారు, "పంపింది పంపినట్టే అమ్మాయ్, వెనక్కి తీసుకునే గడి అందులో లేదు. పొరపాటని రాసిచ్చావనుకో, మెమో నీకే వస్తుంది, ఊరుకో" అన్నారు. మా పర్యవేక్షకుడు గారు, "ఆవిడచేత ఆ ఒక్క లైనూ రాయించెయ్, మళ్ళీ టిక్కు పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. ఇద్దరూ నా మంచికే చెప్పారు. నాకు నిద్ర పట్టడం లేదన్న సంగతి ఏ గడిలోనూ పట్టదు. ఇంట్లో మా అమ్మ, "నాలుగు రోజులుగా అన్నం కెలుకుతున్నావు, ఎవరి కొంప ముంచొచ్చావే?" అని అడిగింది. చెప్పాను.

6. నా నివేదికను ఆధారం చేసుకుని, సదరు ఉపాధ్యాయినిని వచ్చే సోమవారం నుంచి తరగతి బాధ్యతల నుండి తప్పించి పుస్తకాల స్టోరుకు మార్చుచు ఉత్తర్వు వచ్చినది. ముప్పై ఎనిమిది మంది పిల్లలను రెండవ తరగతితో కలిపి కూర్చోబెడతారట.

కావున నా ప్రార్థన. ఉత్తర్వు నిలిపివేయుడు. నా మీద చర్య తీసుకొనుడు, మెమో సంతకం పెట్టి తీసుకుంటాను. తమరే ఒక రోజు ఫారం లేకుండా వచ్చి, గంట కొట్టేదాకా ఆ తరగతిలో కూర్చొనుడు. ఆవిడ తరగతి నియమం ప్రకారం, నేను రాసింది తుడిచే బాధ్యత నాది. డస్టరు మాత్రం తమ దగ్గర ఉన్నది. చిత్తగించవలెను.

ఇన్నాళ్ళూ చెప్పినచోటల్లా టిక్కు పెట్టిన
తమ విధేయురాలు,
ప్రమాణాల అమలు సహాయకురాలు

తా.క. ఈ అర్జీ ఇవ్వడానికి వస్తూ దారిలో ఆ బడి దగ్గర ఆగాను. బోర్డు శుభ్రంగా ఉంది. పైభాగాన నాలుగవ ప్రమాణం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. కింద లెక్కలన్నీ టీచరమ్మే చేశారు, అన్నీ ఒప్పులే. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి టీచరమ్మ, "రామ్మా, ఇప్పుడు పెట్టుకో నీ టిక్కు. నన్ను మాత్రం వీళ్ళ దగ్గర ఉండనియ్యండి" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

గుసగుస మూడో బెంచీలో ఉంది. డస్టరు టీచరు బల్ల సొరుగులో ఉంది. అయ్యా, సోమవారం దాకా ఆగకండి.