పెళ్లిళ్ల పక్కన శవాలు

మంగళవారం, రాత్రి

"పెళ్లి ఫొటోలున్న దాంట్లనే శవాలు పెడితే నేను స్టూడియోల అడుగు పెట్ట" అని మా ఆవిడ తెగేసి చెప్పింది. అడవిలో కాల్పులు జరిగితే పోలీసుల పంచనామాకు శవాల ఫొటోలు తీసేది నేనే. అందుకే పొద్దున కంప్యూటర్ విప్పి రెండో హార్డ్ డిస్క్ బిగించాను. డబ్బా రేకు అరచేతిని కోసింది. నెత్తురు తుడుచుకుంటూనే శవాలను కొత్తదాంట్లోకి మార్చాను.

నిన్నటి వాళ్లలో ఒకడికి దవడ లేదు. పక్కన పడి ఉన్న అమ్మాయి కడుపు తూటాలకు చీలిపోయింది. ఆమె చెవి కింది పుట్టుమచ్చ ఎక్కడో చూసినట్టు అనిపించి పెళ్లిళ్లన్నీ వెతికాను. కారేపల్లి పెళ్లిలో, పెళ్లికూతురి వెనక నవ్వుతూ సగం మొహం కనిపించింది. "అన్నా, నాది గూడ ఒకటి తియ్యవా" అని ఆ రోజు వెంటపడిన పిల్ల.

కెమెరాలో కార్డు నిండిందని అబద్ధం చెప్పి పంపేశాను.

నిన్న ఆమెవి పద్నాలుగు తీశాను.