సుద్దలాంటి మాత్ర

పెన్‌పహాడ్, 2009

నవనీతక్కా,

ఫోన్ చేద్దామంటే అత్తమ్మ పక్కనే ఉంటోంది, అందుకే రాస్తున్నాను. కడుపుతో ఉన్నా దిగులు మాత్రలు మానొద్దని సూర్యాపేట డాక్టరమ్మ నీ ముందే చెప్పింది కదా. ఈమధ్య అత్తమ్మే వాటిని అట్టలోంచి తీసి నా చేతిలో పెడుతోంది. మునుపటి చేదు లేదు, సుద్ద నమిలినట్టుంది. మార్చేసిందేమోనని నా అనుమానం.

నిన్న అత్తమ్మ మందకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగిస్తూ, సూడి గొర్రెలను మాత్రం పక్కకు తోలింది. "కడుపుల పిల్ల ఉన్నదానికి మందులు పోస్తమా బిడ్డా? ఆగమైతది" అంటూ నా కడుపు నిమిరింది. అంత ప్రేమగా చూసే మనిషిని ఏమని అడగను?

నువ్వే మాత్రలు తీసుకుని రా. నా చేతికే ఇవ్వు. మళ్లీ నిద్ర పట్టడం లేదు. నీళ్లకు నేనే పోతానని రోజూ అంటున్నానక్కా, పోయినేడు నువ్వు నన్ను వెనక్కి లాగిన ఆ బావికే.

నీ చెల్లె