పొత్తుల కారు

ఏప్రిల్ 1

ఉగాది అయిపోయింది. కారు నా వంతుకు వచ్చింది. చప్పుడుతో సహా వచ్చింది.

నెల్లికుదురులో అక్క ఇంటి ముందు తాళం చెవి చేతికిస్తూ సంపత్ ఎంత నవ్వాడో. తమ్ముడు కదా అని నేనూ నవ్వాను. తొర్రూరు చేరకముందే ఆ నవ్వు దిగిపోయింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు చక్రాల మధ్య గట్ మని ఒకటి, దిగితే ఇంకొకటి. మలుపులో బండి ఒక పక్కకు ఒరుగుతోంది. టర్బో ఇంజను బండి. నేలను కరుచుకుని పోయేది... ఇప్పుడు పాత మంచంలా మూలుగుతోంది.

జనగామలో ఇల్లు చేరాక ఫోన్ చేస్తే — "నాకేం చప్పుడు రాలే అన్న."

రాదు. భూపాలపల్లిలో బొగ్గు లారీల వెనక తిరిగేవాడికి ఏం వినిపిస్తుంది.

ఏప్రిల్ 3

నా భార్య స్వరూపను బజారుకు తీసుకెళ్లాను. దారి పొడవునా గట్ గట్. ఓపిక పట్టింది, పట్టింది, చివరికి అననే అంది — "పొత్తుల మగడు పుచ్చి చచ్చిండన్నట్టున్నది మీ అన్నదమ్ముల కారు."

నవ్వు రాలేదు. ఎందుకంటే పొత్తు అన్న మాట మొదట అన్నది నేనే. దసరా నుంచి ఉగాది దాకా వాడు, ఉగాది నుంచి దసరా దాకా నేను. బాపు, చిన్నాయన ఒక జత ఎడ్లు, ఒక బండి పొత్తులో పెట్టుకున్నట్టు. హైదరాబాద్‌లో ఒక డాక్టర్ వాడి వదిలేసిన బండి. ఒక్కడి జీతానికి అందేది కాదు. ఇద్దరం కొని ఇంటికి తెచ్చిన రోజు ఎంత మురిశాం.

ఏప్రిల్ 5

రైస్ మిల్లులో ఫిట్టర్‌ని. మోత విని ఏ బేరింగ్ పోయిందో చెప్తాను. నా బండి మోత నాకు ఇంకొకరు చెప్పాలా? స్టెబిలైజర్ బార్ బుష్‌లే. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. మలుపులో బండి ఒరగకుండా ఆపేది అదే. దాన్ని పట్టుకుని ఉండేవి రెండు రబ్బరు ముక్కలు. అవి పోతే కడ్డీ క్లాంపులో కొట్టుకుంటుంది.

కానీ పోయిన ఉగాదికే హన్మకొండలో మార్పించాను. ఏడాదికే పోయే సరుకు కాదు అది. ఎట్లా తోలితే పోతుంది ఇది?

ఏప్రిల్ 6

సంపత్‌కు ఫోన్ చేసి అడిగేశాను.

"రోడ్లే గట్లున్నయ్ అన్న. నేనేం జేస్త."

"రోడ్డు గాదురా, మనిషి. ఒకరికి అప్పజెప్పే పద్ధతుంటది. బాపు నీకేం నేర్పలే."

"సరే అన్న."

పెట్టేశాడు. అనాల్సిందే అన్నాను.

ఏప్రిల్ 7

వాడి ఫోన్ రాలేదు. రాకపోతే పాయె.

ఏప్రిల్ 13, ఆదివారం

హన్మకొండ నుంచి కొత్త బుష్‌లు వచ్చాయి. మిల్లు షెడ్డులో బండిని జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, పొద్దున్నే దూరాను. బొగ్గుమన్ను పట్టి బోల్టులు గట్టిగా బిగుసుకుపోయాయి. పానా జారినప్పుడల్లా వేళ్లు చెక్కుకుపోయాయి, ప్రతిసారీ సంపత్‌ను ఒక తిట్టు తిట్టాను. కింది ఫ్రేమ్ కొంచెం దించితే గానీ పై బోల్టు అందదు. ఈ బండి చేసినవాడికి మన చేతుల మీద దయ లేదు.

క్లాంపు ఊడింది. బుష్ చేతికొచ్చింది. అరగలేదు. ఉబ్బింది. నానిన శనగలా ఉబ్బి, మెత్తబడి, గోరుతో గీకితే ఊడి వస్తోంది. చుట్టూ నల్లటి గ్రీజు. మరమ్మతులో అంటినది కాదు, ఎవడో వేలితో తీసి, లోపల దాకా కూరి, పైన నున్నగా రాసినది. మిల్లు బేరింగులకు పెట్టే గ్రీజే. ఇనుముకు అది పాలు, రబ్బరుకు విషం. రబ్బరు దాన్ని తాగి ఉబ్బుతుంది, తర్వాత చీలిపోతుంది. అవతలి బుష్ కూడా అంతే.

అరచేతిలో పెట్టుకుని ఫొటో తీశాను. వాడికి పంపాను. కింద రాశాను — రబ్బరుకు గ్రీజు వెట్టిన గాడిద ఎవడు?

చూసినట్టు గుర్తు పడింది.

కడ్డీని డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్తవి పొడిగానే ఎక్కించాను. బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాక చివరిసారి బిగించాను. సాయంత్రం తొర్రూరు రోడ్డు మీద చాలా దూరం పోయి వచ్చాను. చప్పుడు లేదు. మలుపులో బండి ఒరగలేదు. ఎంత బాగా పోయిందో. పక్క సీట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 20

గాడిద అన్నందుకు కోపమా? చిన్నప్పటి నుంచి అంటున్నదే కదా.

మే 4

అక్క ఫోన్.

"తమ్మీ, ఆనికి గా మాట ఎందుకన్నవ్?"

"ఏ మాట? గాడిదన్ననా?"

"గది గాదురా. బాపు నీకేం నేర్పలే అన్నవట."

అన్నాననే చెప్పాను. అక్క ఊపిరి పీల్చుకుంది.

"ఆడు నీకు బండి అప్పజెప్పే రోజు పొద్దుగాల్నే వస్తడు, నీకు ఎర్కేనా? మా దొడ్లె చాప పరుసుకొని బండి కిందికి దూరి గ్రీజు వెడ్తడు. ప్రతిసారి. దసర నుంచి ఆడ గూడ నెలనెల వెడ్తడట. అన్నకు పొడి బండి ఇయ్యద్దు అక్కా, అంటడు. బట్టలన్ని ఖరాబు. నేనే మీ బావ లుంగి ఇస్త."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"దసరకు బండి నాకద్దు, అన్ననే ఉంచుకోమను అంటున్నడు. నువ్వే జర సూస్కో."

మే 5

బాపు పద్ధతి. ఎడ్లబండిని చిన్నాయన వాకిట్లోకి తోలే ముందు ఇరుసుకు కందెన వేసేవాడు. ఆముదం, గడ్డి మసి కలిపిన నల్లటి కందెన. పొడి ఇరుసుతో బండి అప్పజెప్తే అది బండి ఇచ్చినట్టు కాదు, కొట్లాట ఇచ్చినట్టు అనేవాడు. డబ్బా నేను పట్టుకునేవాణ్ణి. సంపత్ వేలు ముంచేవాడు.

నేను మరిచిపోయాను. వాడు మరవలేదు. ఇరుసు కనబడని బండి కిందికి దూరి, కదిలేది ఏదైతే అది ఇరుసే అనుకుని పెట్టాడు.

అయినా తప్పు వాడిదే. అడగవచ్చు కదా. ఫిట్టర్ అన్న ఉన్నాడు కదా. రబ్బరుకు గ్రీజేందిరా... ఇట్లా రాస్తున్నకొద్దీ కోపం తగ్గుతోంది, అందుకే ఇంకా మంట. కోపంగా ఉండడానికి నాకున్న ఒక్క కారణం కూడా లాక్కున్నాడు.

మే 6

స్వరూప — "ఫోన్ జేసి మాట్లాడరాదు?"

ఏమని మాట్లాడాలి? నీ ప్రేమే రబ్బరును తినేసిందిరా అని చెప్పాలా? చెప్తే ఏడుస్తాడు. చెప్పకపోతే, మంచికి గ్రీజు పెట్టి ఎందుకు గాడిదనయ్యానో తెలియకుండా తిరుగుతాడు.

జూన్ 15

భూపాలపల్లి పోయి వచ్చాను. కారు వాడి బొగ్గు గని క్వార్టర్ల ముందు ఆపి హారన్ కొట్టలేదు. మరదలు రజిత వాకిట్లోకి వచ్చింది. మంచినీళ్లు ఇచ్చింది.

"ఆయన డ్యూటీల ఉన్నడు బావా."

గడప పక్కన వాడి డ్యూటీ బూట్లు ఉన్నాయి. లోపల టీవీ చప్పుడు తగ్గింది. రజిత తల దించుకుంది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు, చెప్పించినవాడికి సిగ్గు లేదు. నీళ్లు తాగి గ్లాసు గోడ మీద పెట్టి వచ్చేశాను.

పరకాల దాకా తిట్టుకుంటూ వచ్చాను. ఆ తర్వాత తిట్లు అయిపోయాయి.

జూలై 2

వాన. కారు తీయలేదు.

ఆగస్టు 17

లెక్కకు కారు ఒక వస్తువు. పోతే పోనీ. కానీ బాపు లేడు, పొలం పంచుకున్నాం. పెళ్లిళ్లకు వాడు ఒక వరసలో తింటే నేను ఇంకో వరసలో తింటాను. ఏడాదికి రెండుసార్లు అక్క ఇంట్లో ఒక్క దగ్గర కూర్చుని తినేది ఈ తాళం చెవి వల్లనే. వంతు తెగితే మేమూ తెగిపోతాం. వాడికి తెలియదా ఇది? తెలిసే బండి వద్దంటున్నాడా?

సెప్టెంబర్ 21

అక్క — "దసరకు రమ్మన్న. సూస్త అన్నడు." సూస్త అంటే రాడని అర్థం, మా ఇంట్లో.

దసరా మర్నాడు, నెల్లికుదురు

వచ్చాడు. బస్సులో వచ్చాడు.

నేను పొద్దున్నే వచ్చి దొడ్లో కారు కడిగాను. గ్రీజు డబ్బా తెచ్చుకున్నాను, ఎందుకో. కిందికి వంగి చూశాను. అంతా రబ్బరు, అంతా మూతలు వేసి మూసేసినవే. గ్రీజు పెట్టడానికి ఈ బండిలో చోటే లేదు. చివరికి నాలుగు తలుపులూ తిరిగే బందులకు రాశాను. అవి ఇనుమే. పక్కన రబ్బరుకు అంటకుండా గుడ్డతో తుడిచాను.

"మంచిగున్నవా అన్న" అన్నాడు. మంచిగనే ఉన్నాను అన్నాను. అక్క ఇద్దరికీ ఒకేసారి వడ్డించింది. మటన్‌లో ఉప్పు ఎక్కువైందని ఇద్దరం అన్నాం. అంతే, ఆ ఒక్క మాటే కలిసింది. తాళం చెవి వాడి ముందు మంచం మీద పెట్టాను. దాని వైపు చూడలేదు. అక్క చూసింది, లోపలికి పోయింది.

మూడున్నర బస్సుకు లేచాడు. వాన పడుతోంది. మంచం మీది తాళం చెవి నేనే తీసుకుని, బస్టాండ్ దాకా దింపుతాను రా అన్నాను. కారు తలుపు తీశాడు. ఆగాడు. బందు మీద వేలు పెట్టి రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వు వెట్టినవా?"

"ఆఁ."

"ఈడ వెట్టాల్నా?"

"ఈడ వెట్టచ్చు" అన్నాను. మిగతాది చెప్పాలి. రబ్బరుకు గ్రీజు పెట్టొద్దురా, అంతే... మూడు మాటలు. చెప్పలేదు.

వాడు వేలు ప్యాంటుకు తుడుచుకుని కూర్చున్నాడు. స్పీడ్ బ్రేకర్ మీద బండి మెత్తగా ఎక్కి దిగింది. వాడు ఇంకా దేనికోసమో చెవి పెట్టి విన్నట్టు కూర్చున్నాడు. బస్టాండ్ దగ్గర దిగి — "చప్పుడు పోయింది గదన్న" అన్నాడు. పోయిందన్నాను. బస్సు ఎక్కాడు.

తాళం చెవి ఇంకా బండికే ఉంది. తీసుకుంటానని అనలేదు. తీసుకోనని కూడా అనలేదు. రేపు జనగామ తోలుకుపోవాలా, ఇక్కడే ఉంచాలా? అక్కను అడిగితే — "నన్నడుగుతవేందిరా."