నలభై ఇళ్ళు, ఒకటో ప్రశ్న

మార్చి 3, మంగళవారం

సర్వేకి నన్ను తీసుకున్నారు! దేశంలో జనం తమ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారో లెక్కకట్టే సర్వే. మా కాలేజీ నుంచి పన్నెండు మందిమి. నాకు సబ్బుల ఫ్యాక్టరీ వెనక క్వార్టర్స్ వచ్చాయి. నాలుగంతస్తులు, నలభై ఇళ్ళు, లిఫ్ట్ లేదు.

సూపర్‌వైజర్ మేడమ్ ఫారాలు పంచుతూ ఒకటే మాట చెప్పారు. ఉన్నది ఉన్నట్టు, ఉన్న వరసలో చదవండి, మీ తెలివి అక్కడ చూపించకండి అని.

ఒకటో ప్రశ్న: మొత్తం మీద చూసుకుంటే, ఈ మధ్య మీ జీవితంతో మీరెంత తృప్తిగా ఉన్నారు? సున్నా అంటే అస్సలు లేదు, పది అంటే పూర్తిగా.

తృప్తి. బస్సులో పైకే పలికి చూశాను. పెదాలు ఒక్కసారి కలుసుకుని విడిపోతాయి, అంతే. పక్కసీటావిడ కొంచెం జరిగి కూర్చుంది.

మార్చి 4, బుధవారం

మొదటి ఇల్లు టైలర్‌ది. మెడలో టేపుతోనే తలుపు తీశాడు. నేను గడగడా ఒకటో ప్రశ్న చదివేశాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఏమ్మా చెల్లెమ్మా, ఇంకా నీ పేరైనా చెప్పలేదు, అప్పుడే నా జీవితం కావాలా అన్నాడు. లోపల్నుంచి వాళ్ళావిడ, ఆయన్నేం అడుగుతావులే, ఆయన సంగతి కూడా నేనే చెప్తాను, నన్నడుగు అంది. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళనే అడగాలి, అది రూలు. ఆయనదే ముందు. కానీ నేను ఫారం మూసేశాను. మళ్ళీ వస్తానని చెప్పి మెట్లు దిగేశాను.

అమ్మకి చెప్తే నవ్వింది. ఎవరింటికైనా వెళ్తే ముందు ఒంట్లో ఎలా ఉందని అడుగుతాం, నువ్వేమిటే పోలీసులా అంది.

నిజమే. మూడో పేజీలో ఆ ప్రశ్నలే ఉన్నాయి. ఆరోగ్యం, నిద్ర, పని, కష్టమొస్తే ఎవరున్నారు. ముందు అవి అడిగేస్తాను. ఆ పెద్ద ప్రశ్న ఆఖర్న అడుగుతాను.

మార్చి 5, గురువారం

మంత్రం వేసినట్టు పనిచేసింది. పన్నెండు ఇళ్ళు. అందరూ మాట్లాడుతున్నారు.

మూడో అంతస్తులో బామ్మగారు ఒక్కరే ఉంటారు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేశారట. ఊరందరి మాటలూ చెవిలో వేసుకున్నాను, నాతో మాట్లాడేవాళ్ళే లేరు అంది. మోకాళ్ళ గురించి చెప్పింది. పద్దెనిమిదేళ్ళుగా మాట్లాడని చెల్లెలి గురించి చెప్పింది. చెల్లెలికి నంబరు కలిపి, అవతల ఎత్తగానే పెట్టేస్తుందట. ఆఖర్న ఒకటో ప్రశ్న అడిగితే, రెండు వెయ్ అమ్మాయ్, మూడొద్దు, ఎక్కువైపోతుంది అంది, టీలో చక్కెర గురించి చెప్పినట్టు.

ఇవాళ బస్సులో పలికి చూసిన మాట: నిబ్బరం.

మార్చి 6, శుక్రవారం

పద్నాలుగు ఇళ్ళు. గొంతు పోయింది. భలే సంతోషంగా ఉంది.

మార్చి 7, శనివారం

మిగతా పద్నాలుగూ పూర్తి. టైలర్ అన్నయ్యది కూడా. నడుంనొప్పి, కళ్ళమంట, అడిగిన రోజుకి బట్టలివ్వలేదని తిట్టే జనం, అన్నీ చెప్పి నాలుగు ఇచ్చాడు. నలభైకి నలభై. మా బ్యాచ్‌లో అందరికంటే ముందు నేనే.

మార్చి 9, సోమవారం, మధ్యాహ్నం

మేడమ్ నంబర్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. నా బిల్డింగ్ సగటు 3.9. దాని పక్క బిల్డింగ్‌ది 6.4. అదే ఫ్యాక్టరీ, అవే నీళ్ళు, అదే సబ్బు వాసన. పక్కది చేసింది మా కళ్ళజోడు సీనియర్. నువ్వెక్కిన మెట్ల మీదల్లా జనం కూలబడి ఏడుస్తున్నారా ఏమిటి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మేడమ్ నవ్వలేదు. ఏమో, ఆ బిల్డింగే అంతేమో అని పేజీ తిప్పేశారు.

క్యాంటీన్‌లో కూర్చున్నాక అర్థమైంది. నేనేం చేశాను? పావుగంట సేపు వాళ్ళ నొప్పులన్నీ ఒక్కొక్కటే బయటికి లాగి, వాళ్ళ ముందు పరిచి, అప్పుడు తృప్తిగా ఉన్నారా అని అడిగాను. మర్యాద అనుకున్నాను. మర్యాద కాదు, మొహమాటం. ఒకటో ప్రశ్న ఒకటోదిగా ఎందుకుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఎవరికీ తెలీదు. ఏ వరసలో అడిగానో రాయడానికి ఫారంలో గడి లేదు.

అదే రోజు, నాలుగింటికి

చెప్పేశాను.

మేడమ్ నా ఫారాల కట్ట తీసి పక్కన పెట్టారు. తర్వాత, నలభై కొట్టేయాలి అన్నారు. కొట్టేస్తే ఆ ఇళ్ళన్నీ జవాబు లేదు కింద పోతాయట. తలుపు తాళం వేసి ఉన్నట్టే. అంటే అంతమంది నాతో అంతసేపు మాట్లాడి కూడా దేశం లెక్కలో లేరు.

మళ్ళీ అడగొచ్చా అన్నాను. అడగొచ్చట. కానీ ఇంటివాళ్ళకి తప్పు ఒప్పుకోవాలి, పాత ఫారం వాళ్ళ కళ్ళెదుటే చింపాలి, కొత్తదాని మీద సంతకం తీసుకోవాలి. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల కనీసం ముప్పై ఆరు రావాలి. ముప్పై అయిదొచ్చినా బిల్డింగ్ మొత్తం పోతుంది.

నీవల్ల అవుతుందా అన్నారు. అవుతుంది అన్నాను.

మార్చి 10, మంగళవారం

ముందు టైలర్ అన్నయ్య దగ్గరికే వెళ్ళాను. అంతా చెప్పాను. పెదాల మధ్య సూది తీసి, అంటే కొలతలు తీసుకోకుండానే గుడ్డ కత్తిరించావన్నమాట అన్నాడు. అవునన్నాను. అయితే ఏం, కుట్టు విప్పడం మాకు రోజూ ఉండేదేగా, చింపు అన్నాడు.

ఈసారి ఏడు ఇచ్చాడు. లోపల్నుంచి వాళ్ళావిడ, ఏడా! ఎవరితో సంసారం చేస్తున్నావయ్యా నువ్వు అని అరిచింది. ఆయన తల ఎత్తకుండా మిషన్ తొక్కుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తొమ్మిది ఇళ్ళు.

మార్చి 11, బుధవారం

అందరికీ పెరుగుతుందనుకున్నాను. పెరగడం లేదు.

రెండో అంతస్తులో రిటైరైన బస్సు డ్రైవర్ మొన్న ఎనిమిది ఇచ్చాడు, ఇవాళ ఐదు. ఎందుకని అడగకూడదు. ఆయనే చెప్పాడు. మొన్న నా రోగాలన్నీ నీకు అప్పజెప్పాక, ఇన్ని పెట్టుకుని ఇంకా తిరుగుతున్నానే అని నామీద నాకే ముచ్చటేసింది తల్లీ, ఇవాళ నువ్వు తలుపు కొట్టేసరికి గోడకేసి చూస్తూ కూర్చున్నాను అన్నాడు.

ఐదు వేశాను.

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటావిడ మాత్రం, నీ తప్పుకి నా పని ఆగాలా అని మొహం మీదే తలుపేసింది. ఆవిడ మాటలో తప్పేం లేదు.

పది ఇళ్ళు. మొత్తం పంతొమ్మిది.

మార్చి 12, గురువారం

పన్నెండు. మొత్తం ముప్పై ఒకటి. ఒక ఇంటికి తాళం, ఎప్పుడొస్తారో పక్కవాళ్ళకి తెలీదు. ఇంకో రెండిళ్ళు కుదరదన్నాయి. వంటావిడతో కలిపి నలుగురు పోయారు. ఇంక మిగిలినవి ఐదంటే ఐదు. ఒక్కటి తప్పినా అంతే.

ఆ ఐదులో బామ్మగారున్నారు. మూడు రోజులుగా ఆ తలుపు దాటి పైకి వెళ్తున్నాను. పనుంది కాబట్టి కాదు. భయం.

మార్చి 13, శుక్రవారం, మధ్యాహ్నం 3.40

ముప్పై అయిదు. మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లేస్తున్నాను.

రాత్రి

బామ్మగారు తలుపు తీసి, వచ్చావా, అడుగుల చప్పుడు రోజూ వినపడుతూనే ఉంది అంది. కుర్చీ నాకోసమే వేసి ఉంది. టీ పోసింది. డాక్టరు మోకాలికి ఏమన్నాడంటే అని మొదలుపెట్టింది. ఆపాను. బామ్మగారూ, ముందు నంబరు చెప్పాలండీ అన్నాను. నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

తప్పు చెప్పాను. ఫారం చింపాను. నాలుగు పేజీలు. ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ ఉంది. అయితే మొన్న నేను చెప్పిందంతా చెత్తబుట్టలోకేనా అంది. అవునండీ అన్నాను.

ఒకటో ప్రశ్న చదివాను, ఉన్నది ఉన్నట్టు. ఆరు అంది.

ఆరోగ్యం? బాగుంది. నిద్ర? బాగుంది. కష్టమొస్తే ఎవరున్నారు? ఉన్నారు. సంతకం గుండ్రంగా, తీరిగ్గా పెట్టింది. గుమ్మం దాకా రాలేదు.

బస్సు కోసం ఆగలేదు. పరుగెత్తాను. 4.52కి మేడమ్ బల్ల మీద పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టి స్టాంపు కొట్టారు. సగటు 5.8. ఈ బిల్డింగ్ లెక్కలోకి వచ్చింది అన్నారు. కళ్ళజోడు సీనియర్ చప్పట్లు కొట్టి, పార్టీ ఎప్పుడు అన్నాడు.

ఆరు నిజమేనేమో. ఆ బాగుందిలు మాత్రం నిజం కాదు. అవీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి.

సర్వే నడుస్తున్నన్నాళ్ళూ ఫారం లేకుండా ఏ ఇంటికీ వెళ్ళకూడదని రూలు. సర్వే ఐదింటికి అయిపోయింది.

మార్చి 14, శనివారం

బామ్మగారు తలుపు సగమే తెరిచింది. నా ఖాళీ చేతుల వంక చూసింది. ఈసారి ముందు నువ్వు చెప్పు అంది.

నా ఆరోగ్యం, నా నిద్ర, కష్టమొస్తే నాకెవరున్నారు, గుమ్మంలోనే మొదలుపెట్టాను. కాసేపటికి లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి నాకు వేసింది. ఒకటే తెచ్చింది. నేను చెప్పడం అయ్యేదాకా తను నిలబడే వింది.